ఒడిలియా కాలేజీ గేటు

జూన్ 11, 2025

ఇయ్యాల ప్రిన్సిపాల్ సిస్టర్ లూర్దుమేరీ పిలిచింది. కూర్చోబెట్టి బిస్కెట్ల ప్లేటు నా దిక్కు జరిపింది. ఆ ప్లేటు జరిగిందంటెనే ఏదో చావు కబురు ఉన్నదని సమజైంది. ఫిలాసఫీ డిపార్ట్‌మెంట్ మూసిన రోజు కూడా గవే బిస్కెట్లు.

వచ్చే ఏడు నుంచి హిస్టరీల అడ్మిషన్లు తీసుకోరట. ఈ ఏడు చేరిన తొమ్మిదిమంది పిల్లలు డిగ్రీ అయిపోయేదాంక నన్ను ఉంచుతరట. ఆ తర్వాత సంగతి అడిగితే "దేవుడి చిత్తం అమ్మా" అన్నది. ఈమెకు ఇష్టం లేని పని ఆ దేవుడు ఇంతవరకు ఒక్కటి కూడా చెయ్యలేదు.

అక్కడితోటి అయిపోలేదు. మా సెయింట్ ఒడిలియా మహిళా కళాశాలకు అరవై ఏండ్లు నిండుతున్నయి. సెప్టెంబర్‌ల వేడుకలు. దానికి కాలేజీ చరిత్ర పుస్తకం కావాలె. అది రాయాల్సింది నేనే, ఎందుకంటే హిస్టరీ డిపార్ట్‌మెంట్ అంటే నేను ఒక్కదాన్నే. చరిత్ర చెప్పేటిది వీళ్లకు అక్కర్లేదు, చరిత్ర మాత్రం కావాలె. బొంద తవ్వి, దాంట్ల దిగే ముందు జర నవ్వి ఫొటో దిగమన్నట్టున్నది.

ఒప్పుకున్న. ఎందుకు ఒప్పుకున్ననో నాకు తెలుసు. చదివి బెదరాలె వీళ్లు.

జూన్ 12

ఏం రాయలే. నాకేం తొందర.

జూన్ 17

జూబ్లీ కమిటీ మీటింగ్. ఫణికిరణ్ అని ఒకడిని పట్టుకొచ్చిన్రు. కాలేజీకి బ్రాండింగ్ చేస్తడట. ముప్పై ఏండ్లు కూడా ఉండవు, గది లోపల కూడా నెత్తి మీద నల్లద్దాలు. "మేడం, మనకు హిస్టరీ కాదు, స్టోరీ కావాలి" అన్నడు. రెండిటికీ తేడా ఏందని అడిగిన. స్టోరీ అంటే జనం షేర్ చేస్తరట. అందరు నవ్విన్రు. కామర్స్ హెడ్ మహేశ్వరి అందరికంటే గట్టిగ నవ్వింది. ఆమె చివరిసారి పుస్తకం ఎప్పుడు తెరిచిందో ఆమెకు కూడా యాదుండదు, కమిటీల మాత్రం ఎప్పుడూ ముందు కుర్చీలనే ఉంటది.

ఇంటికొచ్చి మొదటి చాప్టర్ మొదలుపెట్టిన. 1965ల మదర్ కాన్‌స్టాన్స్ అనే బెల్జియం సన్యాసిని నారాయణగూడల ఒక వకీలు బంగళా కిరాయికి తీసుకొని ఈ కాలేజీ పెట్టింది. టైపింగు, కుట్లు, వంట నేర్పమని ఊరంతా చెప్పినా వినలే. లాజిక్ పెట్టింది, చరిత్ర పెట్టింది, సంగీతం పెట్టింది, ఎవరు నేర్చుకుంటరని లాటిన్ కూడా పెట్టింది. చిక్కడపల్లి వకీళ్లు, కాచిగూడ వ్యాపారులు బిడ్డలను పంపిన్రు, చదువు మీద మోజుతోటి కాదు, కాంపౌండ్ గోడ ఎత్తు చూసి.

లాటిన్ మూడేండ్లకే పోయింది. సంగీతం గది ఎనభైలల టైపింగ్ గది అయింది, తొంభైలల కంప్యూటర్ గది అయింది. ఫిలాసఫీ గదిల ఇప్పుడు సర్వర్లు గుయ్యిమంటయి. వంట వద్దని మొదలుపెట్టిన కాలేజీల పోయినేడు హోటల్ మేనేజ్‌మెంట్ పెట్టి, చాపెల్ పక్కన ఇంత పెద్ద వంటగది కట్టిన్రు. మధ్యాహ్నం ప్రార్థన టైముకు అల్లంవెల్లుల్లి మాడిన వాసన.

ఈడనే చదువుకునే రోజులల్ల ఈ కాలేజీ అంటే నాకు పానం. ఇప్పుడు ఏం లేదు. ఫరక్ పడదు.

జూన్ 28

సాయంత్రం నా క్లాసురూం గ్రూప్స్ కోచింగోళ్లకు కిరాయికి ఇస్తరు. పొద్దున పోయి చూస్తే బోర్డు నిండ బిట్లు. శాతవాహనుల రాజధాని ఏది, ఎ బి సి డి. ఇన్నేండ్లు నేను "ఎందుకు" అని అడిగిన బోర్డు మీద "ఏది" అని రాసి పోతున్నరు.

అశోక్‌నగర్ దిక్కు పోతే చాలు, ఇదే తంతు. చాయ్ బండి కాడ, మెస్సు లైన్ల, లైబ్రరీ మెట్ల మీద పరీక్షకు చదివే పిలగాండ్లు. గడ్డాలు తెల్లబడుతున్నయి, ఇంకా అభ్యర్థులే. చరిత్రను మాత్రల లెక్క మింగుతరు. మింగినోడు నౌకరి తెచ్చుకుంటడు, తెచ్చుకున్న మర్నాడు కక్కేస్తడు.

జూలై 5

గాంధీనగర్‌ల సులోచనమ్మ ఇంటికి పోయిన. మొదటి బ్యాచ్‌ల బతికున్నోళ్లు ఇద్దరో ముగ్గురో. అందులో మాట్లాడగలిగేది ఈమె ఒక్కతే. డెబ్బై ఏడేండ్లు. సోఫా నిండ కుట్టుపూల దిండ్లు, టీవీల భక్తి చానల్. కాలేజీ గురించి అడిగితే గంటసేపు చీరల గురించి చెప్పింది. సన్యాసినులు తెల్లచీర కట్టమంటే వీళ్లు అంచున్న చీర ఎట్ల కట్టుకొచ్చిన్రో, అదీ ఆమె స్వాతంత్ర్య పోరాటం. నేను పెన్ను మూసేసిన.

లేవబోతుంటే తలుపు కాడ ఉన్నట్టుండి, "అరవై తొమ్మిదిల గేటు సంగతి రాస్తున్నవా" అన్నది.

నాకు తెల్వదు. కాలేజీల ఎవరు చెప్పలేదు. మళ్ల కూర్చున్న. తెలంగాణ కోసం పిల్లలు రోడ్డు మీదికి వచ్చిన ఆ ఎండకాలం, మదర్ కాన్‌స్టాన్స్ గేటుకు తాళం వేయించిందట. నారాయణగూడ చౌరస్తా కాడ ఊరేగింపు. లోపల ఆడపిల్లలంత గేటు మీద పడి కొడుతున్నరు. తాళంచెవి ఆ రోజు హిస్టరీ చెప్పే సిస్టర్ ఆగ్నెస్ చేతిల ఉన్నది. గుంటూరు దిక్కు మనిషి, ఇరవై ఎనిమిదేండ్లది. ఆమె గేటు తీసింది. వారం తిరగకుండ ఆమెను ఎక్కడో పల్లెటూరి బడికి పంపించిన్రు. కాలేజీల ఆమె ఫొటో ఒక్కటి కూడా ఉంచలేదట.

ఇప్పుడు ఏడ ఉన్నదని అడిగిన. మఠం విడిచిపెట్టి అడిక్‌మెట్‌ల ఎవరో బర్రెలోళ్ల ఇంట్ల ఉంటున్నదని విన్న, బతికున్నదో లేదో తెల్వదు అన్నది.

దొరికింది నాకు. హిస్టరీ టీచర్‌ను వెళ్లగొట్టుడు ఈ కాలేజీకి కొత్త కాదు. ఇదే రాస్త. చూస్త లూర్దుమేరీ మొఖం ఎట్లయితదో.

జూలై 7

లూర్దుమేరీ మొఖం వెలిగిపోయింది.

కొట్లాటకు తయారై పోయిన. ఇది లేకుంటే పుస్తకం లేదు అని చెప్పనీకి మాటలు కూడా పేర్చుకున్న. ఆమె అంతా విని, కండ్లద్దాలు తీసి తుడుచుకొని, "ఎంత మంచి విషయమమ్మా, ఇన్నాళ్ళూ మాకెవరూ చెప్పలేదే" అని ఫణికిరణ్‌కు ఫోన్ చేసింది. వాడు అరగంటల ఊడిపడ్డడు. తెలంగాణ, ఆడపిల్లలు, ధైర్యం, గేటు. వాడికి కండ్లల్ల నీళ్లే తక్కువ. జూబ్లీ లోగోల తెరిచిన గేటు పెడతడట. కింద "మేము తలుపులు తెరుస్తాం" అని రాస్తడట. అడ్మిషన్ల పాంప్లెట్ మీద కూడా.

తిడతరనుకొని పోతే దండ వేసిన్రు. అది మింగుడు పడుతలేదు.

జూలై 8

మళ్ల పిలిచిన్రు. ఈసారి బిస్కెట్లు కావు, కాజూ బర్ఫీ.

హిస్టరీ మూయరట. "హెరిటేజ్ సెంటర్" అని పేరు పెట్టి నడిపిస్తరట. సిస్టర్ ఆగ్నెస్ పేరు మీద. డైరెక్టర్ నేనే. పుస్తకంల ఆ చాప్టర్ బాగా రావాలె, అంతే.

ఇంట్ల మా ఆయన గోవర్ధన్‌తోటి చెప్పిన. ఆయనకు కాచిగూడల ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం, స్విచ్ వేస్తే లైటు వెలగాలె, అంత వరకే ఆయన ఫికర్. మంచిదే కదా, పిల్లలకు చెప్పుకునే జాగ ఉంటది, ఇంక ఎందుకు పరేషాన్ అన్నడు. నేను పరేషాన్‌ల లేనని చెప్పిన. అట్లనా అని పేపర్ తిరగేసుకున్నడు.

జూలై 19

ఆగ్నెస్ బతికే ఉన్నది.

అడిక్‌మెట్‌ల రెండు రోజులు తిరిగినంక దొరికింది. పాత రేకుల ఇల్లు, ముందర కట్టేసే గుంజలు ఉన్నయి గని బర్రెలు లేవు. స్నేహలత అనే ఆమె తలుపు తీసింది. నలభై ఏండ్లుంటయి, దవాఖానల ల్యాబ్‌ల పని చేస్తది. లోపల నవారు మంచం మీద ఆగ్నెస్. ఎనభై నాలుగేండ్లు. కండ్లు దాదాపు పోయినయి. మెడల శిలువ లేదు, పూసలమాల మాత్రం చేతుల ఉన్నది.

ఒడిలియా కాలేజీ నుంచి అనంగనె లేచి కూర్చున్నది. నేను నా ప్రసంగం మొదలుపెట్టిన. మీ ధైర్యం, మీ త్యాగం, ఇన్నేండ్లకు మీకు న్యాయం. చెయ్యెత్తి ఆపింది.

"ధైర్యం కాదమ్మా. పిల్లల అరుపులు భరించలేక తీశాను. ఆలోచించి తీయలేదు. తీసిన తరవాత ఏం జరిగిందో నీకెవరూ చెప్పలేదా?"

చెప్పలేదన్న. ఆమె చెప్పింది. నేను ఈడ రాసుకుంట, ఎందుకంటే అక్కడ పెన్ను తియ్యబుద్ధి కాలేదు.

ఆ రోజు బయటికి పోయినోళ్లల్ల భూదేవి అని ఒక పిల్ల. ఈ ఇంటి పిల్లనే. పద్దెనిమిదేండ్లు. అడిక్‌మెట్ బర్రెలోళ్ల ఇంట్ల నుంచి డిగ్రీకి వచ్చిన మొదటి ఆడపిల్ల, మదర్ కాన్‌స్టాన్స్ స్వయంగ వచ్చి తల్లిని ఒప్పించి చేర్పించింది. భూదేవి నినాదాలు ఇయ్యలేదు. ఊరేగింపుల కలవలేదు. సిటీ గడబిడగ ఉన్నది, ఇంటి కాడ అమ్మ, చిన్న తమ్ముడే ఉన్నరు, బర్రెలకు నీళ్లు పెట్టాలె, నన్ను పోనియ్యండి సిస్టర్ అని బతిమాలింది. గేటు తీసినంక అందరికంటే ముందు బయటపడింది ఆ పిల్లనే. చౌరస్తా కాడ ఒక దిక్కు నుంచి రాళ్లు, ఇంకో దిక్కు నుంచి లాఠీలు, మధ్యల తొక్కిసలాట. ఏ దెబ్బకు పడిపోయిందో ఎవరికి తెల్వదు. రెండు రోజులు దవాఖానల ఉండి పోయింది.

కాలేజీ ఏం చేసిందంటే, ఆ పిల్ల మా పిల్ల కాదన్నది. అడిగినోళ్లందరికి, హాజరు లేక అంతకు ముందే పేరు తీసేసినం అని చెప్పింది. మూడు రోజుల ముందు దాంక ముందు బెంచీల కూర్చున్న పిల్లను. తల్లి కురుమమ్మ గేటు కాడికి వచ్చి బిడ్డ పుస్తకాలు అడిగితే, ఇక్కడ ఆ పేరుతోటి ఎవరు లేరని పంపించిన్రు. ఆ పంపించిన మనిషి కూడా ఆగ్నెసే. మదర్ చెప్పమన్నది, ఆమె చెప్పింది. ఆమె నోటితోటి.

పల్లెటూరి బడిల మూడేండ్లు ఉండి, ఒకరోజు మఠం విడిచిపెట్టి వచ్చి ఈ గడప ముందు నిలబడ్డది. కురుమమ్మ లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. తట్ట ఇచ్చి పేడ ఎత్తమన్నది. ఎత్తింది. అట్ల ఉండిపోయింది. పొద్దున బర్రెల పని, ఆ తర్వాత సర్కారు బడిల పాఠం. కురుమమ్మ చనిపోయినప్పుడు తల ఈమె ఒడిలనే ఉన్నదట. స్నేహలత భూదేవి తమ్ముడి బిడ్డ. ఈమెను అమ్మ అని పిలుస్తది.

"రాస్తే భూదేవిని రాయి. కాలేజీ తనని కాదన్నదని రాయి, ఆ మాట నా నోటితో చెప్పించారని కూడా రాయి. అది రాయలేకపోతే నా పేరు కూడా వద్దు. గేటు ఒక్కటీ రాసి పూలు పెట్టకు తల్లీ."

రాస్తనన్న. మాట ఇచ్చిన.

జూలై 20

ఆదివారం. ఏం రాయలే.

జూలై 28

లూర్దుమేరీకి చెప్పిన. జర మెల్లగనే చెప్పిన, ఎందుకంత మెల్లగ చెప్పిన్నో తెల్వదు. ఆమె పూసలు తిప్పుకుంట విన్నది. ఆ పిల్ల ఆత్మ కోసం ప్రార్థన చేయిస్తనన్నది. పుస్తకంల మాత్రం వద్దన్నది. వేడుకల పుస్తకం కదా. మదర్ కాన్‌స్టాన్స్ వ్యవస్థాపకురాలు కదా. పైన పెద్దలు చదువుతరు కదా. ఆ తర్వాత హెరిటేజ్ సెంటర్ గది చూస్తరా అని లేచింది.

కింది అంతస్తుల మూల గది. రెండు కిటికీలు, బయట వేపచెట్టు. గోడలకు సున్నం కొత్తది. తలుపు మీద నా పేరు ఏ సైజుల రాయాల్నో పెయింటర్ అడిగిండు.

ఈమె అబద్ధం కూడా ఆడదు. అబద్ధం ఆడనీకి మనుషులను పెట్టుకుంటది.

ఆగస్టు 4

చాప్టర్ రాసిచ్చిన. గేటు ఉన్నది, ఆగ్నెస్ ఉన్నది, ధైర్యం ఉన్నది. భూదేవి ఇప్పటికైతే లేదు.

ఒకటొకటి చేయాలె. ముందు డిపార్ట్‌మెంట్ నిలబడాలె. డిపార్ట్‌మెంట్ ఉంటేనే కదా రేపు ఎవరన్న భూదేవి గురించి పరిశోధన చేసేది. తొమ్మిదిమంది పిల్లల భవిష్యత్తు ఉన్నది. సెకండ్ ఎడిషన్‌ల పెడత. అప్పటికి ఈ లూర్దుమేరీ బదిలీ అయి పోతది.

మహేశ్వరి చదివి "ఎంత బాగ రాసినవ్" అన్నది. మహేశ్వరికి నచ్చింది.

ఆగస్టు 19

సెకండ్ ఎడిషన్‌ల తప్పకుండ.

సెప్టెంబర్ 20

జూబ్లీ అయింది. స్టేజీ మీద థర్మకోల్ గేటు. ముఖ్య అతిథి రిమోట్ నొక్కితే గేటు తెరుచుకొని పొగ వచ్చింది. పొగలకెల్లి హోటల్ మేనేజ్‌మెంట్ పిల్లలు కేకు తోసుకొచ్చిన్రు, కేకు కూడా గేటు ఆకారంలనే. ఎవరికి సిగ్గనిపించలే. సెల్ఫీ కోసం లైన్ కట్టిన్రు.

నాకు శాలువ కప్పిన్రు. పుస్తకం పట్టుకొని నవ్వమన్నరు. ఫొటోల చూసుకున్న, బాగానే నవ్విన.

ఆగ్నెస్‌ను పిలవలేదు. ఆరోగ్యం బాలేదని నేనే చెప్పిన.

సెప్టెంబర్ 24

స్నేహలత ఫోన్. పేపర్‌ల వచ్చిందట, అమ్మ పుస్తకం అడుగుతున్నదట. తెస్తనన్న.

సెప్టెంబర్ 28

పోయి వచ్చిన.

పోస్టుల పంపుదామనుకున్న. కాని కండ్లు కనపడని మనిషికి పోస్టుల పుస్తకం ఏంది. ఇచ్చి, రెండు మాటలు చెప్పి రావాలె, అంతే అనుకొని పోయిన. ఆగ్నెస్ పుస్తకాన్ని రెండు చేతులతోటి తడిమింది. అట్టను, అంచులను. ముక్కు కాడ పెట్టుకొని వాసన చూసింది. ఆ తర్వాత నాకే ఇచ్చి చదవమన్నది.

చాప్టర్ తీసిన. నా వాక్యాలు నా నోటికే వెగటుగ ఉన్నయి. "ఆ క్షణాన ఒక యువ సన్యాసిని చరిత్ర పిలుపు విన్నది." ఇది నేను రాసిన. ఇదే ఫణికిరణ్ రాస్తే వారం రోజులు నవ్వుకుంటుంటి.

పేజీ అయిపోయింది. ఆగ్నెస్ ఎదురుచూస్తున్నది. మొఖం నా దిక్కు పెట్టి. "తరవాత?" అన్నది.

చదివిన. పుస్తకంల లేనిది చదివిన. పేజీ తిప్పి, చెన్నై నుంచి తెప్పించిన ల్యాబ్ సామాన్ల ఫొటో ముందు పెట్టుకొని, భూదేవిని చదివిన. అడిక్‌మెట్ నుంచి వచ్చిన పద్దెనిమిదేండ్ల పిల్ల అని, అమ్మ కాడికి, బర్రెల కాడికి పోతనన్నదని, చౌరస్తా కాడ పడిపోయిందని, కాలేజీ తన పిల్లను తన పిల్ల కాదన్నదని. కురుమమ్మ పేరు చదివిన. ఆ మాట సిస్టర్ ఆగ్నెస్ నోటితోటి చెప్పించిన్రని చదివిన. ఒక్క కాడ కూడా తడబడలే. జీవితంల అంత మంచి పేజీ నేనెన్నడు రాయలేదు, అది రాసింది కూడా కాదు.

ఆమె ఏడ్వలేదు. చెయ్యి చాపి నా మొఖం తడిమింది, పుస్తకాన్ని తడిమినట్టు. "అచ్చులో వచ్చింది. కురుమమ్మ ఉంటే బాగుండేది" అన్నది. మళ్ళీ చదవమన్నది. మళ్ల చదివిన. రెండోసారి కొన్ని మాటలు మారినయి. ఆమె గమనించలేదనుకుంట.

స్నేహలత వెనుక నిలబడి ఉన్నది. నా భుజం మీది నుంచి పేజీ కనబడుతనే ఉంటది. అప్పుడేం అనలే. చాయ్ ఇచ్చింది. గుంజల దాంక సాగనంపనీకి వచ్చింది.

"మేడం, రేపు నన్ను చదవమంటది. నేనేం చదవాలె?"

నిలబడ్డ. ఆమె కోపం చేయలే, ఏం చేయలే. జవాబు కోసం జరసేపు చూసి లోపలికి పోయింది.

సెప్టెంబర్ 29

పొద్దున క్లాసుల తొమ్మిదిమంది పిల్లలకు భూదేవి కథ చెప్పిన. అంతా. నేను చాప్టర్ ఎట్ల రాసిన్నో అది కూడా. ఇద్దరు ఫోన్ చూసుకుంటున్నోళ్లు ఫోన్ పక్కన పెట్టిన్రు. రచన అనే పిల్ల, మరి ఇప్పుడు ఏం చేస్తరు మేడం అని అడిగింది. ప్రిన్సిపాల్ కాడికి పోతున్న అన్న.

పోయిన. ఆ పేజీ అచ్చేసి పుస్తకంల పెట్టాలె, లేకుంటే నా పేరు తీసెయ్యాలె అని చెప్పిన. లూర్దుమేరీ గొంతు పెంచలే. ఎన్నడు పెంచదు. "పేరు తీయడం తేలికమ్మా" అన్నది. అంతే. నేను గది దాటకముందే మహేశ్వరికి ఫోన్ పోయింది.

ఇంట్ల చెప్పిన. గోవర్ధన్ పేపర్ మడిచి పెట్టి, "పోనీ" అన్నడు. ఆ తర్వాత, ఆ ముసలామెకు ఏం చెప్తవు అని అడిగిండు. ముప్పై ఏండ్లల్ల ఈయన నా పని గురించి అడిగిన మొదటి మంచి ప్రశ్న.

అక్టోబర్ 4

పేజీ రాసిన. ఈసారి నిజంగ రాసిన. చరిత్ర పిలుపు లేదు, ధైర్యం లేదు. ఏం జరిగిందో అది.

పుస్తకం సైజుల కంపోజ్ చేయించి లోపల అతికించాలె, స్నేహలత చదవనీకి ఉండాలె అని అశోక్‌నగర్ పోయిన. అంజి అనేటాయన జిరాక్స్ దుకాణం. నిండ పిలగాండ్లు. కరెంట్ అఫైర్స్, టెస్ట్ సిరీస్, ఎవరెవరి నోట్సో. నా పేజీ మిషన్ మీద ఉన్నది, పక్కన నిలబడ్డ ఒకడు తల వంచి చదువుతున్నడు. కుమారస్వామి అట, జనగామ దిక్కు, నాలుగో అటెంప్ట్. మర్యాదగనే అడిగిండు.

"మేడం, అరవై తొమ్మిది టాపికా? ఈమె పేరు బిట్‌ల వస్తదా?"

ఎంత అసహ్యమనిపించిందో. ఒక పిల్ల చచ్చిపోయిన సంగతి చదివి వీడికి వచ్చిన ప్రశ్న ఇది. సిలబస్‌ల ఉన్నదా లేదా. రాదు పో అందామని నోటిదాంక వచ్చింది.

"వస్తది" అన్న. "బరాబర్ వస్తది. పోయినసారే వచ్చేదుండె."

నేను కాలేజీల హిస్టరీ మేడమని అంజికి తెలుసు. ఆ మాట ఆయన పక్కోడికి చెప్పిండు. కుమారస్వామి ఒక కాపీ తీసుకున్నడు. వాడి వెనకోడు తీసుకున్నడు. నేను చాయ్ తాగి వచ్చేసరికి అంజి ఆపకుండ తీస్తున్నడు, "ఒడిలియా గేటు" అని పెన్నుతోటి పైన రాసి కౌంటర్ మీద దస్త పెట్టిండు. మూర్ఖులు. ఎవడో ఒక మేడం వస్తదంటే వస్తదని నమ్మే మూర్ఖులు.

పేజీ అతికించిన పుస్తకం సాయంత్రం స్నేహలతకు ఇచ్చిన. ఆమె అక్కడనే నిలబడి మొత్తం చదివింది. తల ఊపి లోపలికి తీసుకపోయింది.

అక్టోబర్ 9

హెరిటేజ్ సెంటర్ తలుపు మీద మహేశ్వరి పేరు రాస్తున్నరు. పెద్ద సైజు అడిగి ఉంటది. నా పేరు లేని అట్టతోటి పుస్తకం మళ్ల వచ్చింది. ఆగ్నెస్ పేరు కూడా తీసెయ్యమని కాయిదం ఇచ్చిన. తియ్యలే. లోగో మీద గేటు ఉన్నది కదా.

అక్టోబర్ 17

చిక్కడపల్లి లైబ్రరీ ముందర నుంచి నడుస్తున్న. మెట్ల మీద ఇద్దరు ఒకరినొకరు అడుగుకుంటున్నరు. ఒడిలియా కాలేజీ గేటు తీసింది ఎవరు? సిస్టర్ ఆగ్నెస్. చనిపోయింది ఎవరు? భూదేవి. ఊరు? అడిక్‌మెట్. తల్లి పేరు? కురుమమ్మ. ఆగకుండ, ఎద్దు గంటల లెక్క. ఒక్కడి గొంతులన్న బాధ ఉంటే ఒట్టు.

పక్కకు పోయి గోడకు ఆనుకొని జరసేపు నిలబడ్డ. ఎండ.

అక్టోబర్ 26

స్నేహలత ఫోన్ చేసింది. గొంతు వింతగ ఉన్నది. ఇయ్యాల పొద్దున ఇద్దరు పిలగాండ్లు ఇల్లు వెతుక్కుంట వచ్చిన్రట. భూదేవి పుట్టిన సంవత్సరం మీద హాస్టల్‌ల కొట్లాట అయిందట, ఒకడు యాభై అంటడు, ఒకడు యాభై ఒకటి అంటడు. తేల్చుకుందామని వచ్చిన్రు. వాళ్లల్ల ఒకడు కుమారస్వామి అయి ఉండాలె.

ఆగ్నెస్ వాళ్లను కూర్చోబెట్టుకున్నదట. సంవత్సరం ఒక్క మాటల చెప్పి, ఆ తర్వాత వదలలేదట. భూదేవి ఎట్ల నవ్వేదో, తరగతిల ఏ ప్రశ్నలు అడిగేదో, ఇంటికి పోవాల్నని ఎట్ల బతిమాలిందో, గేటు కాడ కురుమమ్మతోటి తానేమన్నదో. ఉద్యమంల చనిపోయిందని రాసుకోకండి బాబూ, ఇంటికి వెళ్తూ చనిపోయింది, అలా రాసుకోండి అని గట్టిగ చెప్పిందట. వాళ్లు కొట్టేసి మళ్ల రాసుకున్నరట. పోయేటప్పుడు కాళ్లు మొక్కిన్రట. ఇంక హాస్టల్‌ల ఉన్నోళ్లను కూడా తీసుకొస్తమన్నరట.

"అమ్మ అడుగుతున్నది మేడం, వాళ్లు నిజంగ వస్తరా అని. పొద్దుటి సంది చీర మార్చుకొని కూర్చున్నది."

వస్తరు అని చెప్పిన. నాకు తెలుసు వాళ్ల సంగతి. పరీక్ష అయ్యేదాంక గుంపులు గుంపులుగ వస్తరు. అయిన మర్నాటి నుంచి ఒక్కడు రాడు.

అప్పటి నుంచి నేను పోత.